తప్పిపోని చీమ

సోమవారం సాయంత్రం బడి హాల్లో మూడు ట్రంకు పెట్టెలు దించారు. గుట్టల బేగంపేటలోని ఆ చిన్న బడికి మాదాపూర్ ఆఫీసుల నుంచి ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి పంచడం కొత్త కాదు. ఒకసారి బ్యాగులు పంచారు, ఒకసారి నీళ్ల సీసాలు. ఇంకోసారి మొక్కలు నాటి, వాటి పక్కన ఫొటోలు దిగి వెళ్లిపోయారు. ఈసారి పుస్తకాలు. పిల్లల పుస్తకాలు, అన్నీ తెలుగువి, బొమ్మలతో.

మెడలో ఆఫీసు ట్యాగు తీయకుండానే వచ్చిన దివ్య అనే అమ్మాయి పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టింది. ఆమెది అనంతపురం.

"రోజుకొక బుక్ ఇంటికి తీస్కపోండి. ఇంట్లో ఎవరితోనైనా కూచోని చదవండి. మర్నాడు వచ్చి ఎట్లుందో చెప్పాల. శనివారం దాకా ఇదే మన పని. ఒకటే రూలు, నిజం చెప్పాల. నచ్చకుంటే నచ్చలేదనాల. ఎవరూ ఏమనుకోరు."

గోడకు ఆనుకుని కూర్చున్న తల్లుల్లో మమత ఉంది. "ఇంట్లో ఎవరితోనైనా" అనే మాట దగ్గరే ఆమెకు భయం పట్టుకుంది.

మమత భయపడడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. బడి గ్రూపులో మెసేజ్ వస్తే భయం, రాకపోతే ఇంకా భయం. రెండో తరగతి చదివే కూతురు సహస్ర తుమ్మితే భయం. గల్లీ మలుపులో వాటర్ ట్యాంకర్ వెనక్కి తిరుగుతున్న చప్పుడు వినిపిస్తే, పిల్ల పక్కనే కూర్చుని అన్నం తింటున్నా సరే, ఒకసారి తల తడిమి చూసుకుంటుంది. ఆమె ఆరో తరగతిలో ఉండగా అమ్మానాన్నలు వనపర్తి పక్క పల్లె నుంచి బిల్డింగు పనికి ఇటు వచ్చారు. ఇసుక కుప్పల మధ్య తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండడమే అప్పటి నుంచి ఆమె చదువయింది. చదవడం బొత్తిగా రాదని కాదు. బస్సు మీది పేరు చదువుతుంది, మందు చీటీ మీద దుకాణం పేరు చదువుతుంది. కానీ ఒక్కొక్క అక్షరాన్ని కూడుకుంటూ, ఒత్తు వచ్చినచోట ఆగి, వెనక్కి పోయి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ సంగతి సహస్రకు తెలియదు. తెలియకూడదని మమత పట్టుదల.

సహస్ర ఏరికోరి ఒక పుస్తకం తెచ్చుకుంది. అట్ట మీద బస్టాపులో నిలబడ్డ బర్రె.

మమత భర్త శ్రీను ఒక అద్దాల బిల్డింగులో సెక్యూరిటీ గార్డు. సాయంత్రం నుంచి తెల్లారేదాకా డ్యూటీ. పుస్తకం ఇంటికి చేరేసరికి అతను యూనిఫాం బెల్టు బిగించుకుంటున్నాడు.

"ఏందే, బర్రె బస్సెక్కుతదా? మా బిల్డింగుకే వస్తదేమో అడుగు. ఐడీ కార్డు లేకుంటె లోపటికి ఇడువను," అని కూతురి ముక్కు గిల్లి వెళ్లిపోయాడు.

సహస్ర తల్లి ఒడిలోకి జరిగి పుస్తకం తెరిచింది. మొదటి పేజీలో రెండే వరుసలున్నాయి. మమత మనసులో కూడుకోసాగింది. మూడో మాట మీద ఆగింది. పిల్ల తలెత్తి చూసింది. ఆ చూపు మమత భరించలేకపోయింది. బొమ్మ చూసింది. నోటికి అదే వచ్చేసింది.

"అనగనగ ఒక బర్రె. దాని దూడ తప్పిపోయింది..."

బర్రె బస్సెక్కి ఊరంతా వెతికింది. ఆఖరి పేజీలో బర్రె కిటికీ పక్కన కూర్చుని ఉంది. అక్కడ దూడ బొమ్మ లేదు. "దూడ సీటు కింద పడుకున్నది, కనబడదు," అని మమత కథ ముగించి దీపం పెట్టడానికి లేచింది. నుదుట చెమట పట్టి ఉంది. కానీ లోపల ఎక్కడో చిన్న సంతోషం కూడా కలిగింది. కథ భలే అతికింది గదా అనుకుంది.

మంగళవారం హాల్లో పిల్లలందరూ ఒకటే మాట చెప్పారు. మంచిగున్నది. చాలా మంచిగున్నది. సూపర్ ఉన్నది. సహస్ర కూడా, "మంచిగున్నది మేడం. తప్పిపోయింది, దొరికింది," అంది.

దివ్య నడుము మీద చేతులు పెట్టుకుంది. "అబ్బా, అన్నీ బాగున్నాయా? ఒక్కటన్నా బోరు కొట్టలా? నేను మీ ఇంటికి బంధువుగా రాలేదబ్బా, మొహమాటపడాకండి."

తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మమత ఎదురింట్లో ఉండే కళ్యాణి ఇంటర్ పాసైంది, మాటకు ముందుంటుంది. "గట్లెట్ల మేడం? మీరు గింత దూరమొచ్చి ఉత్తగ ఇస్తున్నరు. మీ మొఖం మీద బాగలేదంటే మమ్ములను ఏమనుకుంటరు? మా పిల్లలకు మేము గట్ల నేర్పలే."

"నాకు బాధ లేదక్కా. ఏది నచ్చలేదో తెలిస్తే ఇంకో బడికి మంచివి తీస్కపోతా. తీసుకొచ్చిన నేనే అన్నీ చదవలేదు, నిజం చెప్తున్నా."

ఆ మాట పిల్లలకు ధైర్యమిచ్చినట్టుంది. బుధవారం ఒక పిల్లవాడు లేచి తన పుస్తకంలో మామిడిపండు మాట్లాడుతుందని, తినేదాన్ని మాట్లాడించవద్దని గట్టిగా చెప్పాడు. ఇంకో పిల్ల రాజుగారి బొమ్మకు ఒక పేజీలో మీసాలున్నాయని, తర్వాతి పేజీలో లేవని పట్టుకుంది. హాలంతా కేరింతలు. సహస్ర వంతు వచ్చింది. ముందురోజు ఆమె తీసుకుపోయింది పతంగి పుస్తకం.

"నాకు సగమే నచ్చింది."

మమత నిటారుగా కూర్చుంది.

"ఎందుకు సగం?" అంది దివ్య.

"పతంగి వెనక ఉరికి ఉరికి పోరడు తప్పిపోయిండు. మొన్న దూడ తప్పిపోయింది. అందరు గట్లనే తప్పిపోతరు. నాకు బోరొచ్చింది."

"రెండింట్లోనూ తప్పిపోవడమేనా! ఎవరు రాశారో గానీ బాగా దిగులుమనిషి," అని దివ్య నవ్వింది.

అందరితోపాటు మమత కూడా నవ్వింది. కానీ ఇంటికి పోతూ దారి పొడవునా అదే ఆలోచన. తను కావాలని చెప్పలేదే. బొమ్మలో ఎవరైనా ఒక్కరే కనబడితే చాలు, వీళ్లవాళ్లు ఎక్కడున్నారోనని ముందు తట్టేది. కథ అక్కడి నుంచే కదిలేది. సరే, ఈసారి ఎవరినీ తప్పిపోనివ్వకూడదనుకుంది.

ఈసారి పుస్తకం అట్ట మీద ఒక చీమ లిఫ్టు తలుపు ముందు నిలబడి ఉంది. లోపలి పేజీల్లో చీమ ఒక్కటే. పెద్ద పెద్ద గదులు, మనుషుల కాళ్లు, చీమ. ఒక బొమ్మలోనైతే ఖాళీ ఇంట్లో, గచ్చు మీద, ఓ మూలకు పడుకుని ఉంది. మమత ఎంత ఆపుకున్నా లాభం లేకపోయింది.

"చీమ లిఫ్టుల తప్పిపోయింది. ఏ అంతస్తుల దిగాల్నో తెల్వక ఏడుసుకుంట పండుకున్నది..."

సహస్ర నిట్టూర్చింది. "మళ్లనా?" అంది.

గురువారం హాల్లో సహస్ర ఆ కథ చెబుతుండగానే కళ్యాణి కూతురు వర్షిణి మోకాళ్ల మీద లేచింది. ఆ పిల్ల మూడో తరగతి.

"అబద్ధం! చీమ తప్పిపోదు. ఆ బుక్కు నేను మంగళవారం తీస్కపోయిన. మా మమ్మీ చదివింది. చీమ లిఫ్టుల మీటలన్ని నొక్కుతది. ఏడ్వనే ఏడ్వదు!"

"తప్పిపోతది," అంది సహస్ర.

"పోదు! నువ్వు చదవకనే చెప్తున్నవ్. అబద్ధాలకోరు!"

ఆ మాట దొరకడమే ఆలస్యం, నలుగురైదుగురు పిల్లలు అందుకున్నారు. అబద్ధాలకోరు, అబద్ధాలకోరు. సహస్ర ముఖం కందిపోయింది. గిరుక్కున వెనక్కి తిరిగి గోడ వైపు వేలు చూపించింది.

"మా అమ్మ చదివింది! అమ్మా, చెప్పు. తప్పిపోయింది గద?"

హాలంతా మమత వైపు తిరిగింది. కళ్యాణి కూడా పక్కకు జరిగి మరీ చూసింది. మమత కొంగు సర్దుకుంది. తర్వాత తన నోటి నుంచి వచ్చిన మాట తనకే పరాయిదిగా వినిపించింది.

"పోరి... యాదిమరిచి అదీ ఇదీ కలిపి చెప్పినట్టుంది మేడం."

దివ్య, "అవుతుంది లేమ్మా, చిన్నపిల్లలు కలిపేసుకుంటారు," అని పిల్లలను కసిరి ఇంకొకరిని లేపింది. సహస్ర కూర్చుంది. ఏడవలేదు. తల్లి వైపు మళ్లీ తిరగలేదు.

వెళ్లేటప్పుడు అందరూ పెట్టెల మీద పడ్డారు. సహస్ర మాత్రం చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. "నాకొద్దు. నేను అబద్ధాలు చెప్తనంట గద," అంది. రేపు హాలుకు రానని కూడా చెప్పింది. బడి నుంచి సీదా ఇంటికేనట.

మమత పెట్టె దగ్గరికి వెళ్లింది. సిగ్గు, భయం, పిల్ల ముఖం, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆ గందరగోళంలోనూ ఒక ప్రశ్న పక్కకు జరగకుండా నిలబడింది. తప్పిపోకపోతే మరి ఆ చీమ అంత పెద్ద బిల్డింగులో ఏం చేసింది? ఒక్కతే ఎట్లా ఉంది? పెట్టెలో పైనే ఉన్న చీమ పుస్తకాన్ని తీసి కొంగు కింద పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున ఆమె ఎప్పటిలాగే లేడీస్ హాస్టల్‌కి వెళ్లి టిఫిన్ల పని ముగించుకుని వచ్చింది. శ్రీను డ్యూటీ దిగి వచ్చి గోడ వైపు తిరిగి నిద్రపోతున్నాడు. పొయ్యి మీద పప్పు పెట్టి, గడప దగ్గర వెలుతురులో పుస్తకం ముందేసుకుంది.

పొద్దున్నే ఒక చీమ లిఫ్టు ఎక్కింది. ఈ ఒక్క ముక్క కూడుకునేసరికి పప్పు పొంగి మంట తుస్సుమంది. లేచి మంట తగ్గించి మళ్లీ కూర్చుంది. చీమ మీట మీదికెక్కి గెంతింది. గెంతితే మీట వెలిగింది! మొదటి అంతస్తులో ఒక తాత పళ్ల సెట్టు వెతుక్కుంటున్నాడు. రెండో అంతస్తులో అక్కాచెల్లెళ్లు రిమోట్ కోసం కొట్టుకుంటున్నారు. చీమ తలుపు సందులోంచి చూసి, ఎవరు గెలుస్తారోనని కాసేపు ఆగింది. మూడో అంతస్తులో జిలేబీ. మమత వేలు వరుస మీద జారుతోంది, ఆగుతోంది, వెనక్కి పోతోంది. ఖాళీ ఇంటి బొమ్మ వచ్చింది. తను ఏడిపించింది ఇక్కడే. కింద ఏం రాసి ఉందో చదివి, నమ్మలేక మళ్లీ చదివింది. జిలేబీ తిని కడుపు నిండిన చీమ నడుము వాల్చింది. అంతే. నడుము వాల్చిందట!

"అరె, దీని అయ్య!" అంది పైకే.

శ్రీను ఒక కన్ను తెరిచాడు. "ఏమైంది?"

"ఏం లేదు. చీమ పండుకున్నది."

"పండుకోనీయ్ దాన్ని. నన్ను సుత," అని అతను దుప్పటి లాక్కున్నాడు.

ఆఖరి పేజీలో చీమ డాబా మీద గాలికి మీసాలు ఎగురుతుండగా, ఇంకా పైకి మీట లేదా అని అడుగుతుంది. జవాబు లేదు. పుస్తకం అక్కడితో అయిపోయింది. మమత అట్ట తిప్పి చూసింది, వెనక ఏమైనా ఉందేమోనని. ఏమీ లేదు. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. అన్ని అంతస్తులు తిరిగితే ఒక్కరూ దాన్ని ఎక్కడికని అడగలేదు, వెతకలేదు, తిట్టలేదు. అయినా దానికేమీ కాలేదు.

సాయంత్రం సహస్ర అన్నమాట ప్రకారం నేరుగా ఇంటికే వచ్చింది. బ్యాగు మూలన పడేసి మూలకే తిరిగి కూర్చుంది. శ్రీను డ్యూటీకి పోయాక మమత పుస్తకం తీసుకుని ఆ వీపు వెనక చేరింది. ఏదో చెప్పాలని గొంతు సవరించుకుంది. పుస్తకం తెరిచి పైకే మొదలుపెట్టింది.

"పొ...ద్దు...న్నే ఒ...క చీ...మ..."

వీపు కదలలేదు. మమత ఆగింది, వెనక్కి పోయింది, మళ్లీ చదివింది. రెండో పేజీకి సహస్ర మెల్లగా తల తిప్పింది.

"ఏందమ్మా, ఎందుకట్ల ఆగుతున్నవ్? గొంతు నొస్తుందా?"

"లేదు. నాకు గిట్లనే వస్తది."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

సహస్ర ఆమె నోటి వైపు కాసేపు వింతగా చూసింది, కొత్త బొమ్మను చూసినట్టు. తర్వాత పక్కకు వచ్చి కూర్చుంది. రిమోట్ కొట్లాట దగ్గర కిసుక్కున నవ్వింది. చీమ నడుము వాల్చిన చోట నవ్వు ఆపేసింది.

"అయితే వర్షిణి చెప్పిందే నిజం."

"ఆ."

"మరి దూడ?"

"దూడ నేను చెప్పింది. బుక్కుల ఏమున్నదో నాకు తెల్వదు."

"పతంగి పోరడు?"

"అది సుత నేనే."

మమత తిట్లకు సిద్ధపడింది. నువ్వెందుకు చదవలేదని అడుగుతుందనుకుంది. సహస్ర అడిగింది అది కాదు.

"మరి మేడం ముందల నేనే యాదిమర్చిన్నని ఎందుకన్నవ్?"

మమత చీర అంచు పట్టుకుని మడతలు పెట్టింది. "అందరు చూస్తుంటె నాకు సిగ్గయ్యింది బిడ్డా."

"నాకు కాలేదా?"

మమత చెయ్యి చాచబోయింది. సహస్ర పుస్తకాన్ని మూసి ఆమె ఒళ్లో పెట్టి, "రేపు నువ్వు చెప్తనంటెనే నేను వస్త," అని లేచి నీళ్లు తాగడానికి పోయింది.

శనివారం హాలు నిండిపోయింది. ఆఖరి రోజని కొందరు తండ్రులు కూడా వచ్చారు. మమత రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, చెప్పులు సర్దుకునే వంకతో ఆగింది. సహస్ర చెయ్యి వదలలేదు. లోపలికి లాగనూ లేదు, ఊరికే పట్టుకుని నిలబడింది.

పిల్లలు చెప్పడం మొదలుకాక ముందే మమత గోడ దగ్గర లేచి నిలబడింది. కూర్చుంటే ఇక లేవలేనని ఆమెకు తెలుసు.

"మేడం, మొన్న మా బిడ్డ అబద్ధం చెప్పలే. తప్పిపోయిన చీమ నాది. నాకు చదువుడు నిదానం. ఒత్తులున్నకాడ ఆగిపోత. బిడ్డ ముందల ఆగుడు ఇష్టం లేక బొమ్మలు చూసి నేనే కల్పించి చెప్పిన. అది నేను చెప్పింది చెప్పినట్టే చెప్పింది. మొన్న దాని మీదికి తోసిన. తప్పు నాది."

వెనక నిలబడ్డ ఒక తండ్రి ఫోన్లోంచి తలెత్తాడు.

"అంటె నీకు చదవరాదా మమతా? నాకొక్క మాట చెప్తె మా వర్షిణితోటి చదివిస్తుంటిని గద," అంది కళ్యాణి. జాలో ఎత్తిపొడుపో తెలియలేదు. బహుశా ఆమెకూ తెలియదు.

"వస్తదక్కా. నిదానంగ వస్తది. నిన్న చీమ బుక్కు మొత్తం చదివిన," అంది మమత.

దివ్య వర్షిణి వైపు చూసింది. వర్షిణి గోరు కొరుక్కుంటూ, "అయితే నువ్వు అబద్ధాలకోరు కాదులే," అని సహస్రకు వినపడేలా గొణిగింది. సహస్ర గడ్డం పైకెత్తి, "నాకు ముందే తెలుసు," అంది.

"సరే, ఇప్పుడు రెండు చీమలున్నాయి మనకు," అంది దివ్య, కళ్లు మెరుస్తుండగా. "సహస్రా, రూలు గుర్తుందా? నిజం చెప్పాల. ఏ చీమ కథ బాగుంది?"

మమత కూతురి నోటి వైపే చూసింది. ఇంతమంది ముందు నిలబడి చెప్పినందుకైనా, ఒక్కసారికి...

"బుక్కుల చీమ," అంది సహస్ర, క్షణం కూడా ఆలోచించకుండా.

హాలు గొల్లుమంది. మమతకు చురుక్కుమంది. మరుక్షణమే తనకూ నవ్వొచ్చింది.

"అమ్మ చీమ మంచిదే గని ఊకె ఏడుస్తది. బుక్కుల చీమ అన్నీ చూస్తది. దూడ కథ మాత్రం అమ్మదే మంచిగున్నదేమో. బర్రె బుక్కు చదివితె చెప్త."

"మీరూ చెప్పండక్కా," అని దివ్య మమత వైపు తిరిగింది. "మీకు ఎట్లనిపించింది? నచ్చలేదన్నా పర్లేదు."

"నచ్చింది," అంది మమత. అంతటితో కూర్చుందామనుకుంది. అలవాటైన మాటే కదా అది. కానీ నిన్నటి నుంచి లోపల తిరుగుతున్నది బయటికి వచ్చేసింది. "గని, అది తల్లికి చెప్పి పోయిందో లేదో ఒక్క ముక్క రాయలే. అంతసేపు తల్లి ఏం చేస్తుండె? నాకదే పరేషాన్."

"చీమలకు చెప్పి పోవుడు ఉండదాంటీ," అంది వర్షిణి.

"ఉంటది. వరుసల పోతయి గద, ముందలదానికి చెప్తది," అన్నాడు మామిడిపండు పిల్లవాడు.

"తల్లే ముందల ఎక్కి పైన కూసున్నదేమో!" అని ఇంకెవరో అరిచారు. గుండ్రం చెదిరిపోయి అందరూ ఒకేసారి మాట్లాడసాగారు. దివ్య ఆపే ప్రయత్నం కూడా చేయలేదు.

వెళ్లేటప్పుడు పెట్టెలు బడికే వదిలేస్తున్నామని, ఎప్పుడైనా తీసుకుపోవచ్చని చెప్పారు. సహస్ర బర్రె పుస్తకం కోసం వెతికింది. దొరికాక దాన్ని తల్లి చేతికివ్వబోయి ఆగింది.

"ఏది బుక్కుల ఉన్నదో, ఏది నీదో, ముందే చెప్పాలె. కలపొద్దు."

"కలపను."

"ఆగితె ఆగు. నేను నవ్వ."

"నవ్వినా ఏం కాదు."

గల్లీలోకి వచ్చారు. ఆఫీసులు వదిలే వేళ, అడ్డదారి పట్టిన బైకులు ఒకదాని వెనక ఒకటి హారన్లు కొడుతూ పోతున్నాయి. ఇంకో రోజైతే మమత పిల్లను గోడకు అదిమిపెట్టి, ఆగి ఆగి నడిచేది. ఇవాళ ఆమె చూపు అట్ట మీది బర్రె మీదే ఉంది. దూడ తన కల్పనేనని తేలిపోయింది. మరి ఈ బర్రె బస్సెక్కి ఎక్కడికి పోయినట్టు? ఇస్త్రీ బండి పక్కన నిలబడి పుస్తకం తెరిచింది.

"ఇంటికి పోయినంక చదువుదమమ్మా," అంది సహస్ర ఆమె కొంగు లాగుతూ.

"జర ఆగు, ఈ ఒక్క ముక్క..." అని మమత మొదటి వరుస మీద వేలు పెట్టింది. "బ...ర్రె...కు కి...టి...కీ..."

సహస్ర తల్లిని బండి వైపు ఒక అడుగు లోపలికి జరిపి, రోడ్డు వైపు తను నిలబడింది. "ఊఁ, కిటికీ? తర్వాత?"